పెరుగుచున్న పట్టణములు – ప్రయాణముల లెక్క

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు రెండు జాతీయ రహదారులు కలిసికొను చోట పెరిగిన పట్టణము. శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు పోవు 44వ నంబరు రహదారి పట్టణపు అంచున పెర్కిట్ వద్ద సాగుచున్నది. 2010కి పూర్వము దీనినే 7వ నంబరు రహదారి అనుచుండిరి. బోధను, నిజామాబాదుల నుండి వచ్చి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా మంచిర్యాల వైపునకు పోవు 63వ నంబరు రహదారి దానిని ఇచటనే దాటుచున్నది. 2017లో పెద్దపల్లి–నిజామాబాదు రైలు మార్గము పూర్తి యగుటతో ఆర్మూరునకు రైలు కూడ వచ్చినది. చుట్టును పసుపు, మొక్కజొన్న, ఎఱ్ఱజొన్న పండించు పల్లెలు. పసుపునకు పెద్ద అంగడియైన నిజామాబాదు మార్కెట్ యార్డు ఇచటికి సుమారు 25 కిలోమీటర్లు.

ఇట్టి పట్టణము పెరుగుచున్నప్పుడు కొన్ని ప్రశ్నలు తప్పవు. ఏ వీధిని ఎంత వెడల్పు చేయవలెను? లారీలు ఎచట నిలువవలెను? బస్సుస్టాండు ఉన్నచోటనే ఉండవలెనా? ఇంకొక వంతెన కావలెనా? ఈ పనులు ఒకమారు చేసినచో ఇరువది, ముప్పది ఏండ్లు మార్చుటకు వీలులేనివి. ఒక వీధిని వెడల్పు చేసి, అది ఉపయోగపడనిచో తిరిగి ఇండ్లు కట్టి ఇచ్చుట ఎవరివల్ల నగును? కావున పని మొదలిడక పూర్వమే దాని ఫలితమును ఊహించు సాధనమొకటి కావలెను.

ఆనకట్ట కట్టబోవు ఇంజనీర్లు ముందుగా ప్రయోగశాలలో దానికి చిన్న ప్రతిరూపమును కట్టి, నీరు వదలి, ప్రవాహము ఎట్లు పోవునో చూతురు. పట్టణములోని జనప్రవాహమునకును అట్టి ప్రతిరూపము కలదు. కాని అది ఇటుకలతోను సిమెంటుతోను కట్టునది కాదు, సమీకరణములతో కట్టునది. దీనికి రవాణా గణిత నమూనా అని పేరు. 1953లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమునందును, 1955లో షికాగో నగరమునందును ఆరంభించిన పరిశీలనలలో ఇది ఒక రూపమునకు వచ్చినది. నేడు హైదరాబాదు వంటి మహానగరములలో మెట్రో రైలునకైనను, వలయ రహదారికైనను ముందుగా ఇట్టి లెక్క వేయుదురు. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ 2041 వరకు చూపు సారించి చేయించిన సమగ్ర రవాణా అధ్యయనము ఈ కోవలోనిదే.

ఈ నమూనా నాలుగు ప్రశ్నలను ఒకదాని తరువాత నొకటిగా అడుగును. ఒక పేటలో ఎన్ని ప్రయాణములు పుట్టును? అవి ఎచటికి పోవును? దేనిమీద పోవును? ఏ దారిన పోవును?

మొదటి ప్రశ్న తేలికయైనదే. పట్టణమును, దాని చుట్టుగల పల్లెలను పటముపై చిన్న చిన్న మండలములుగా విభజింతురు. ప్రతి మండలమునుండి కొన్ని ఇండ్లను మచ్చుగా తీసికొని, ఇంటిలో ఎందరున్నారు, మోటారు సైకిలు ఉన్నదా, నిన్న ఎవరెవరు ఎచటికి పోయిరి అని అడుగుదురు. కుటుంబపు పరిమాణమునకును, రాబడికిని, ప్రయాణముల సంఖ్యకును గల సంబంధము దీనివలన తెలియును. బడి, ఆసుపత్రి, మార్కెట్, కచ్చేరి ఉన్న మండలములు ప్రయాణములను ఆకర్షించును. ఇండ్లున్న మండలములు వానిని పుట్టించును.

రెండవ ప్రశ్నయే ఈ శాస్త్రములో అందమైన భాగము. ఒక పల్లెనుండి దినమునకు 300 ప్రయాణములు బయలుదేరుచున్నవనుకొందము. అందులో ఎన్ని ఆర్మూరునకు, ఎన్ని నిజామాబాదునకు పోవును? హైస్కూలు భౌతికశాస్త్రములో న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రమును చదివినవారికి దీని జవాబు పరిచితముగనే తోచును. రెండు వస్తువుల మధ్య ఆకర్షణ వాని ద్రవ్యరాశులకు అనులోమముగను, దూరపు వర్గమునకు విలోమముగను ఉండును. 1931లో విలియం రీలీ అను అమెరికా దేశస్థుడు పల్లెల జనము సరకులు కొనుటకు ఏ పట్టణమునకు పోవుదురో పరిశీలించి, ఇంచుమించు ఇదే సూత్రమును ప్రతిపాదించెను. ద్రవ్యరాశికి బదులు పట్టణపు జనాభా, దూరము దూరమే.

లెక్క వేసి చూతము. అంకెలు కేవలము ఉదాహరణకు మాత్రమే. మన పల్లెకు ఆర్మూరు 8 కిలోమీటర్లు, నిజామాబాదు 32 కిలోమీటర్లు అనుకొందము. ఆర్మూరు ఆకర్షణశక్తి 2 పాళ్లు, నిజామాబాదుది 10 పాళ్లు అనుకొందము. దూరపు వర్గముచే భాగించినచో ఆర్మూరునకు 2/64, అనగా 0.0313, నిజామాబాదునకు 10/1024, అనగా 0.0098. ఈ రెంటి నిష్పత్తిలో 300 ప్రయాణములను పంచినచో ఆర్మూరునకు సుమారు 229, నిజామాబాదునకు 71 వచ్చును. చిన్న ఊరైనను దగ్గరిది గెలిచినది.

ఇప్పుడు వర్గమునకు బదులుగా దూరముచే మాత్రమే భాగించి చూడుడు. ఆర్మూరునకు 2/8, అనగా 0.25, నిజామాబాదునకు 10/32, అనగా 0.3125. పంపకము తలక్రిందులైనది! ఆర్మూరునకు 133, నిజామాబాదునకు 167. దూరము మారలేదు, ఊళ్లు మారలేదు. ఒక్క ఘాతాంకము 2 నుండి 1కి దిగినది. అంతమాత్రముననే జనములో ఇంచుమించు మూడవ వంతు ఒక ఊరినుండి మరియొక ఊరికి మరలిపోయిరి.

మరి సరియైన ఘాతాంకమేది? ఇచట న్యూటన్ సహాయము చేయడు. గ్రహములకు ఘాతాంకము 2 అని ప్రకృతియే నిర్ణయించినది గాని, మనుష్యుల ప్రయాణములకు అట్టి స్థిరాంకము లేదు. కూరగాయలకు పోవువాడు దూరమును లెక్కచేయును. ఎక్కువ దూరము పోడు. పెద్ద ఆసుపత్రికి పోవువాడు దూరమును లెక్కచేయడు. కావున ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఘాతాంకము ఉండును. దానిని ఆ ప్రాంతములో అడిగి తెలిసికొన్న సమాధానముల నుండియే రాబట్టవలెను. 1967లో ఆలన్ విల్సన్ అను ఆంగ్లేయుడు ఈ సూత్రమును న్యూటన్ పోలికతో పనిలేకుండ, వాయువులోని అణువుల పంపకమును లెక్కించు పద్ధతిలో సాధించి చూపెను. అయినను ఘాతాంకము వంటి సంఖ్యను కొలతవలననే తెచ్చుకొనవలెను. అమెరికాలో కుదిరిన సంఖ్యను ఆర్మూరు పల్లెలకు అంటగట్టుట పొరుగువాని కంటిఅద్దములు పెట్టుకొని చదువుట వంటిది.

పసుపు రైతు ఈ సూత్రమును ఇంకను చిక్కుపరచును. నిజామాబాదు యార్డు చేరువలోనే ఉన్నను, ఈ ప్రాంతపు రైతులు మంచి ధరను ఆశించి మహారాష్ట్రములోని సాంగ్లీకి లారీలలో పసుపును తీసికొని పోవుట కలదు. సాంగ్లీ నాలుగు వందల కిలోమీటర్లకు మించిన దూరము. దూరమును, జనాభాను మాత్రమే ఎరిగిన సూత్రము ఈ లారీని ఎన్నడును చూడజాలదు. క్వింటాలు ధరలోని తేడా బాడుగకంటె ఎక్కువైన దినమున ఆ లారీ కదలును, కానినాడు కదలదు. అందుచేత సరకు రవాణాకు వేరుగా లెక్క కట్టవలెను. అందులో ఆకర్షణశక్తి అనగా జనాభా కాదు, ధర.

మూడవ ప్రశ్న ఏ సాధనము మీద పోవుదురన్నది. బస్సా, ఆటోయా, మోటారు సైకిలా, కాలినడకయా? ప్రతి సాధనమునకు పట్టుకాలమును, నిరీక్షణను, చార్జీని కలిపి ఒక సంఖ్యగా చేయుదురు. రెండు సాధనముల సంఖ్యలలో తేడా పెరిగినకొలది జనము మెల్లమెల్లగా ఒకదానినుండి రెండవదానికి మరలుదురు. ఈ మరలుటను గ్రాఫుపై గీచినచో సాగదీసిన తిర్యగ్రేఖవలె, చివరలు వంగి కనబడును. ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవాడు డేనియల్ మెక్‌ఫాడెన్. సాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు క్రొత్త రైలు 1972లో నడువ మొదలిడెను. పనికి పోవువారిలో నూటికి 15 మంది దానినెక్కుదురని అధికారుల అంచనా. మెక్‌ఫాడెన్ బృందము నూటికి 6.3 అని లెక్కకట్టినది. వాస్తవముగా ఎక్కినది 6.2. ఆయనకు 2000లో ఆర్థికశాస్త్రములో నోబెల్ బహుమతి వచ్చుటకు ఈ పద్ధతియే ముఖ్య కారణము.

అయితే అన్ని అంచనాలును ఇంత దగ్గరగా తగులునని భ్రమపడరాదు. 14 దేశములలోని 210 నిర్మాణములను పరిశీలించి 2005లో బెంట్ ఫ్లూబియర్ మొదలగువారు ప్రకటించిన వ్యాసములో, రైలు మార్గములలో పదింట తొమ్మిదింటికి ప్రయాణికుల అంచనా వాస్తవముకంటె హెచ్చుగా నున్నదని తేలినది. రోడ్ల విషయములో సగము అంచనాలు నూటికి 20కి పైగా తప్పినవి. సమీకరణము అబద్ధమాడదు, దానిలో వేయు అంకెలే ఆశపోతులు.

పెట్టిన అంకె ఒక్క దినములో మారిపోవుటయు కలదు. తెలంగాణములో 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేకుండ పోయినది. గణితభాషలో చెప్పవలెనన్న, జనాభాలో సగమునకు బస్సు సమీకరణములోని ఒక పదము సున్న అయినది. బస్సులు నిండినవి, ఆటోవారు బేరములు తగ్గినవని ఆందోళన చేసిరి. అంతకు ముందు ఏడాది ఆర్మూరు–నిజామాబాదు దారిలో ఎవరైన కష్టపడి ఇంటింట అడిగి ఘాతాంకములు సాధించి ఉన్నను, చార్జీ మార్పునకు జనము ఎట్లు స్పందింతురో అది చెప్పగలిగి ఉండునే గాని, చార్జీయే లేనప్పుడు ఎన్ని క్రొత్త ప్రయాణములు పుట్టునో చెప్పుట కష్టము. పూర్వము ఇంటనే ఉండిపోయినవారు ఎన్నడును ఏ కూడలిలోను లెక్కకు రాలేదు గదా!

నాలుగవ ప్రశ్న దారుల పంపకము. దీనికి మూలసూత్రమును 1952లో ఇంగ్లండునందు వార్డ్‌రోప్ అను గణితవేత్త చెప్పెను: ప్రతివాడును తనకు త్వరగా పోవు దారిని వెదకుకొనును; అట్లు వెదకుకొనగా వెదకుకొనగా, వాడుకలోనున్న దారులన్నిటను పట్టుకాలము సమానమగును. ఇదియు ఒక ఉదాహరణతో తేటపడును. పట్టణమధ్యము నుండి పోవు దారిలో ఖాళీగా నున్నప్పుడు 6 నిమిషములు, ప్రతి 100 బండ్లకు ఒక నిమిషము చొప్పున పెరుగుననుకొందము. చుట్టుదారిలో ఖాళీగా నున్నప్పుడు 10 నిమిషములు, ప్రతి 200 బండ్లకు ఒక నిమిషము పెరుగుననుకొందము. గంటకు 1000 బండ్లు వచ్చినచో ఎన్ని ఎటు పోవును? విద్యార్థులు తామే సమీకరణము కట్టి చూడవచ్చును: 600 ఊరిలోనుండియు, 400 చుట్టుదారిని పోవును, రెండుదారులలోను 12 నిమిషములే. చుట్టుదారి వేసినంతమాత్రమున ఊరు ఖాళీ యగునని తలచుట పొరపాటు. ఊరిలో దారి కొంచెము సులువైనంతనే మరికొందరు తిరిగి వత్తురు.

దారి నిండినకొలది కాలము సరళరేఖలో పెరుగదు. 1964 నుండి అమెరికాలో వాడుకలోనికి వచ్చిన ఒక సూత్రము ప్రకారము, దారి తన శక్తికి సరిగా నిండినప్పుడు కాలము నూటికి 15 మాత్రమే పెరుగును. ఒకటిన్నర రెట్లు వత్తిడి వచ్చినచో నూటికి 76 పెరుగును. రెట్టింపు వచ్చినచో ప్రయాణము మూడు రెట్లకు పైగా పట్టును. నాలుగవ ఘాతము చేయు పని యిది.

ఇంతవరకు ‘బండి’ అని ఒక్క మాటతో సరిపుచ్చుకొంటిమి. కాని మన రోడ్లపై బండ్లన్నియు ఒక తీరువి కావు. అందుచేత కారును ఒకటిగా పెట్టుకొని తక్కినవానిని కొలుతురు. భారత రోడ్ల కాంగ్రెసు 1990లో గ్రామీణ రహదారులకై ప్రకటించిన నియమావళిలో మోటారు సైకిలునకు 0.5, ఆటోకు 1, లారీకి గాని బస్సునకు గాని 3, ట్రాలీ తగిలించిన ట్రాక్టరునకు 4.5, ఎడ్లబండికి 8 అని తూనిక కలదు. ఎడ్లబండి లారీకంటె పెద్దదియా అని నవ్వరాదు. అది రోడ్డుపై ఆక్రమించునది చోటు మాత్రమే కాదు, వెనుకవారి కాలమును. ఈ లెక్కన 100 మోటారు సైకిళ్లు 50 కార్లకు సమానము; 20 ట్రాక్టరు ట్రాలీలు 90 కార్లకు సమానము.

ట్రాక్టరు ట్రాలీ అనగానే ఆర్మూరు ప్రాంతములో నెల అడుగవలెను. పసుపును జూను ప్రాంతమున నాటి, జనవరి నుండి త్రవ్వుదురు. త్రవ్విన కొమ్ములను ఉడికించి, రెండు వారముల వరకు ఎండబెట్టి, మెరుగుపెట్టుదురు. పచ్చికొమ్ము బరువులో సుమారు అయిదవ వంతు మాత్రమే ఎండుపసుపుగా మిగులును. కావున పొలమునుండి కళ్లమునకు పోవు బరువు యార్డునకు పోవు బరువునకు అయిదు రెట్లు. పల్లెదారులపై ట్రాక్టర్లు ముందు కదలును, రహదారిపై కొన్ని వారముల తరువాత కదలును. యార్డులో బీటు పెరుగుట, హమాలీలకు, దడ్వాయిలకు తీరిక లేకుండుట ఇంచుమించు ఫిబ్రవరి నుండి ఏప్రిలు వరకు. అదే రోడ్డుపై జూలైలో నిలుచుండి లెక్కించిన మనిషి వేరొక ఊరిని చూచును. ఇది చాలదన్నట్లు, కోతల కాలమున మక్కలను, వడ్లను రోడ్డుపైననే ఆరబోయుట తెలంగాణములో క్రొత్త కాదు. పటములో రెండు వరుసల రోడ్డు; ఆనాటికి ఒకటిన్నరయే.

ఈ సంగతి పాత ఇంజనీర్లకు బాగుగ తెలియును. గ్రామీణ రహదారులపై బండ్ల లెక్కకు భారత రోడ్ల కాంగ్రెసు 1972లో ఏర్పరచిన నియమము చూడదగినది. ఏడాదికి కనీసము రెండుమార్లు, ఏడేసి దినములు, రాత్రింబవళ్లు లెక్కింపవలెను. అందొకటి పంటకోత, అమ్మకములు ముమ్మరముగ నున్న కాలములోను, రెండవది మందముగ నున్న కాలములోను ఉండవలెనని అందు స్పష్టముగ నున్నది. జాతరలు, ప్రదర్శనల వంటి అసాధారణ దినములు తగిలిన యెడల వదలివేయవలెను. ఇది పొలము ఎరిగినవారు వ్రాసిన నియమము.

నగరములకై కట్టిన నాలుగు ప్రశ్నల నమూనా మాత్రము ‘సాధారణమైన పనిదినము’ ఒకదానిని ఎంచుకొని, ఉదయపు రద్దీగంటను పట్టుకొనును. హైదరాబాదునకు ఇది చెల్లును. అచట మార్చి సోమవారమునకును జూలై సోమవారమునకును అంత భేదము లేదు. చిక్కు వచ్చునది మధ్యరకపు ఊళ్లకు. ఊరు పురపాలక సంఘమై, నగరముల జాబితాలో చేరి, దానికి నగరపు పద్ధతిలో ప్రణాళిక వేయునాడు, గ్రామీణ నియమము వెనుకబడును. దానితోపాటు కోతకాలము లెక్కనుండి జారిపోవును. ఊరు మాత్రము పసుపు మీదనే బ్రతుకుచుండును. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ఆరంభమైనది. పసుపు వ్యాపారము ఈ ప్రాంతమున పెరిగినకొలది ఈ జారుపాటు విలువయు పెరుగును.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. ఏడాదిలో కొద్ది దినముల రద్దీకై కోట్లు పోసి రోడ్డు వేయుట దుబారా కాదా? ఇది న్యాయమైన ప్రశ్నయే. ఇంజనీర్లు దీనికి ఒక కొలతను కూడ పెట్టుకొనిరి. ఏడాదిలోని 8760 గంటలను రద్దీ క్రమములో, అన్నిటికంటె ఎక్కువైనది మొదటగా, పేర్చి అందులో 30వ గంటను తీసికొందురు. మొదటి 29 గంటలలో జనము కొంచెము ఓర్చుకొనవలసినదే. 30వ గంటకు సరిపడునట్లు రోడ్డు వేయవలెను. ఇప్పుడు ఆర్మూరును ఈ కొలతతో చూడుడు. సిద్ధులగుట్టపై జాతర జరిగిన దినము మొదటి 29 గంటలలో అణగిపోవును. దానికై రోడ్డు వేయనక్కరలేదు. పసుపు కాలము అట్టిది కాదు. అరువది దినములు, దినమునకు రెండే గంటలు రద్దీ అనుకొన్నను 120 గంటలైనవి. 30వ గంట పసుపు కాలములోనే పడును. ఇంజనీర్ల కొలతచేతనే కోతకాలము అసాధారణము కాదని తేలుచున్నది.

రద్దీ ఎక్కువని తేలినంతమాత్రమున రోడ్డు వెడల్పు చేయుటయే మందనియు కాదు. ట్రాక్టర్లకు ఊరి వెలుపల నిలుచు చోటు, యార్డునకు రైతులు వచ్చు వేళలను పంచుట, లారీలు బడి వేళలలో ఊరిలోనికి రాకుండ చేయుట మొదలగునవి రోడ్డుకంటె చౌకయైనవి. నమూనాలో ఇట్టి మార్పులను ఒక్కొక్కటిగా వేసి, కూడలివద్ద నిరీక్షణ ఎన్ని నిమిషములు తగ్గునో పోల్చుటయే దాని అసలు ఉపయోగము. ఫలానా ఏటికి ఇన్ని బండ్లు వచ్చునని జోస్యము చెప్పుటకంటె, రెండు ఉపాయములలో ఏది మేలని తూచుటలో అది నమ్మదగినది.

దీనికి పెద్ద యంత్రములు లేకున్నను ఆరంభము చేయవచ్చును. రోడ్డుకు ఎడముగా, బడి అరుగుమీదనో ప్రహరీగోడ లోపలనో, ఉపాధ్యాయుని కనుసన్నలలో, నలుగురు విద్యార్థులు కూర్చుండి గంటసేపు ఒక్కొక్కరు ఒక్కొక్క జాతి బండ్లను అయిదేసి గీతలుగా గుర్తించినచో చాలును. ఆ సంఖ్యలను పైన చెప్పిన తూనికలచే గుణించి కూడవలెను. మార్చిలో ఒక వారము, ఆగస్టులో ఒక వారము, అదే చోట, అవే వేళలలో ఈ పని చేసి, మొదటి మొత్తమును రెండవ మొత్తముచే భాగించినచో వచ్చునది ఆ దారి ఋతుగుణకము. ఒక నెలలో తీసిన లెక్కను మరియొక నెలకు మార్చుటకు ప్రణాళిక వేయువారికి కావలసిన సంఖ్య అదియే.